ఏ వేలు ముందు?

ల్యాబులో గోడగడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది.
దాని కింద కూర్చుని మేము మిల్లీసెకన్లు కొలుస్తాం.
ఎర్రదీపం వెలిగితే నొక్కాలి, పచ్చది వెలిగితే ఆగాలి.
నీలం సిరాతో రాసిన 'ఎరుపు'ను చూసి
నాలుక ఎందుకు తడబడుతుందో
పదమూడు మంది మీద తేల్చాం.
పదమూడు మందీ హాస్టలు వాళ్లే,
ఒకే ఉప్మా తిని వచ్చినవాళ్లే.

"బయటికి పోండి," అంది ఇంద్రాణి మేడం,
"చేతిలో పని ఉన్న మనిషిని చూసి రండి."

గాంధీ రోడ్డు మలుపులో, చెప్పుల కొట్టు పక్కన
చెంగమ్మ పూలు కడుతుంది.
తడిపిన అరటినార కాలి బొటనవేలికి తగిలించి
రెండు మొగ్గలిటు, రెండటు,
ఎప్పుడో ఒక రెమ్మ మరువం.
కళ్లు మాత్రం రోడ్డు మీద.
ఆటోవాడితో చిల్లర తగాదా,
మనవడు దిలీపుకి ఎక్కాలు,
గుండ్లు మెరుస్తూ వచ్చే వాళ్లకు బస్టాండు దారి,
అదంతా నోటి పని.
వేళ్లు వేరే ఊళ్లో కాపురం ఉంటాయి.

స్టాప్‌వాచ్ నొక్కాను. మూరకు నూట పది సెకన్లు.
పది మూరలు కట్టినా తేడా మూడు సెకన్లు దాటలేదు.
నా నోటుబుక్కులో ఆ గీత
ఇప్పుడే పరిచిన చాపలా ఉంది.

అప్పుడు అడిగాను. ప్రశ్నావళిలో నాలుగోది.
"ముడేసేటప్పుడు ఏ వేలు ముందు కదులుతుంది, చెంగమ్మా?"

చూపు రోడ్డు మీంచి దిగి ఒళ్లోకి వచ్చింది.
"చూపుడువేలు. కాదు, ఉండు. నడిమిదేమో. ఉండు మే."
కట్టింది. విప్పింది. నార మెలిపడింది.
ఒక మొగ్గ మెడ తెగి కుచ్చిళ్లలో రాలింది.
ఆ మూర నూట తొంభై.
తర్వాతిది రెండు వందల పన్నెండు.

దీనికి మా పుస్తకంలో ఒక పేరుంది.
ఆ పేరు కింద గీత గీసి నక్షత్రం పెట్టుకున్నాను,
పరీక్షలో తప్పక వస్తుందని.
రాత్రి హాస్టల్లో గ్రాఫు చూపిస్తే
భలే లేచిందే అన్నారు.
నాకూ భలేగానే ఉండింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే వెళ్లాను.
బుట్టలో నిన్నటి మొగ్గలు సగం
కట్టకుండానే విచ్చిపోయి ఉన్నాయి.
"రాత్రంతా వేళ్లనే చూసుకుంటా ఉండా మే.
అన్నం కలిపేటప్పుడు గూడా, ఏది ముందరబ్బా అని.
ముప్ఫై ఏండ్లు ఎవురూ అడగలా."
కోపంగా అని ఉంటే బాగుండేది.

మా అంగీకార పత్రంలో ఒక వాక్యం ఉంటుంది:
'ఇందులో పాల్గొనడం వల్ల మీకు ఏ నష్టమూ ఉండదు.'
దాని కింద చెంగమ్మ వేలిముద్ర,
ఎడమ బొటనవేలు.

పుస్తకంలో జబ్బు పేరే ఉంది, మందు లేదు.
ఊరికే పక్కన గోనెపట్టా మీద కూలబడ్డాను.
దిలీపు ఎక్కం చదువుతున్నాడు.
"పదమూడేడ్లు ఎనభై నాలుగు," అన్నాన్నేను.
"తొంభై ఒకటి!" చెంగమ్మ తల తిప్పకుండా.
"ఎనభై నాలుగే."
"ఏం చదువు మే నీది? యూనివర్సిటీలో ఇదేనా నేర్పేది?"
దిలీపు ఆమె వైపు. చెప్పుల కొట్టతనూ ఆమె వైపు.
నేను ఓడిపోతూ, ఇంకా మొండికేస్తూ,
ఆమె ఒడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.
నార తడి చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది,
చిన్నగా, తర్వాత వరసగా.

స్టాప్‌వాచ్ సంచిలోనే ఉంది.

వచ్చేటప్పుడు ఒక మూర మోచేతితో కొలిచి నా జడకు చుట్టి,
డబ్బులు తీసుకుని మరీ చెప్పింది:
"ఊపిరెట్లా తీస్తావని మాత్రం అడగబాకు మే."

రికార్డులో శుక్రవారం గడి ఖాళీగా వదిలాను.
మేడం దాని చుట్టూ ఎర్రగా సున్న చుట్టి
'విలువ ఏది?' అని రాసింది.
సున్నలో ఏమీ రాయకుండానే తిరిగి ఇచ్చేశాను.
నాలుగు మార్కులు పోయాయి.