మొదటి గడి

పర్లాకిమిడిలో మా షాపు బోర్డు మీద
మూడు లిపులున్నాయి.
ఒడియాలో ఊరి పేరు ఒక పొడుగు,
తెలుగులో ఇంకో పొడుగు,
ఇంగ్లీషులో పెయింటరుకి తోచినంత.
ఎలా రాసినా వానొస్తే తడిసేది ఒకటే రేకు.

పేర్ల సంగతి అంతే.
అడుగున ఎక్కడో ఒక అంకె ఉంటుంది,
ఆ అంకె చెప్పేవాడు ఒకడుండాలి.

మాకు చెప్పేది కేబుల్ దండాసి.
దండాసి అంటే దండాసి కాదు,
అతని మేడ మీద టార్పాలిన్ కింద
గురక పెట్టే పెట్టె.
నేను పేరు కొడతాను, అది అంకె వెదికి చేతిలో పెడుతుంది.
ఆరేళ్లుగా దాన్నే అడిగాను.
ఇంకొకర్ని అడగొచ్చని తెలిసీ అడగలేదు.

ఆశ్వయుజంలో, గాలివాన మరునాడు
సుబాసి గొమాంగో వచ్చింది,
గుమ్మా నుంచి రెండు బస్సులు మారి.
ప్లాస్టిక్ కవర్లో మార్కుల కాగితాలు,
చెప్పులకి ఎర్రమట్టి.
నర్సింగు సీటుకి దరఖాస్తు,
సాయంత్రం ఐదుకి ఆఖరు.

మోడెం మీద నాలుగు లైట్లూ పచ్చగానే ఉన్నాయి.
తీగ బతికే ఉంది.
పేరు కొడితే మాత్రం
అలాంటి చోటు దొరకలేదంటుంది తెర,
ఇటుకలూ గేటూ ఉన్న కాలేజీని.

దండాసికి ఫోన్ చేశాను.
"ఆపీసి ఎయ్యి మేడమ్."
ఆపి వేశాను.
"ఇంకోపాలి ఆపీసి ఎయ్యి."
సుబాసి గోడ గడియారం వైపు చూడటం లేదు.
చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో
మెడ నరం చెబుతోంది.

సెట్టింగుల అడుగున రెండు గడులుంటాయి.
మొదట అడగాల్సినవాడు,
వాడు పలక్కపోతే అడగాల్సినవాడు.
రెండూ ఖాళీగా వదిలితే
తీగ ఎవరిదో దారీ వాడిదే.
బరంపురంలో కోర్సు చేసినప్పుడు
నోట్సు చివరి అట్ట మీద రాసుకున్నాను:
నాలుగు ఎనిమిదులు, మధ్యన చుక్కలు.
కొట్టాను.

నాలుగూ నలభైకి రసీదు ప్రింటయింది.
సుబాసి దాన్ని ఊదింది,
వేడిగా ఉందనో, తడిగా ఉందనో.
ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టి
బస్సుకి పరుగెత్తింది.

అక్కడితో అయిపోవాలి.
రాత్రి షట్టరు సగం దించి కూర్చుంటే
ఎవరీ ఎనిమిదులు, అనిపించింది.
ముఖం చూడలేదు. ఎంత అడిగినా డబ్బు తీసుకోడు.
డబ్బు తీసుకోనివాణ్ణి మా అమ్మ
రెండోసారి గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.
గుమ్మా పిల్ల ఒకతి నర్సు కావాలనుకుందని
ఎక్కడైనా పద్దు పడిందా?
పడితే ఎన్నాళ్లుంటుంది?

దండాసి మాత్రం తక్కువ తిన్నాడా.
ఒక్క అక్షరం తప్పు కొడితే
చీరల దుకాణం ముందుకు తోస్తాడు.
నిరుడు పైనుంచి కాగితమొచ్చిందని
సగం పేర్లు మర్చిపోయాడు.
అయినా, మహేంద్రతనయ పొంగిన రాత్రి
భుజాన తీగచుట్టతో మోకాలి లోతు నీళ్లలో
వచ్చింది వాడే.
తిట్టడానికి దొరుకుతాడు.
నాలుగు ఎనిమిదుల్ని ఏ వీధిలో నిలదీయను?

పాతపట్నం మలుపులో లారీవాళ్లు
పాన్ కొట్టు బెహరాని దారి అడుగుతారు.
అతను తన బావమరిది పెట్రోలు బంకు మీదుగా పంపిస్తాడు.
అడగనివాళ్లని ఫోను
కొట్టుకుపోయిన కల్వర్టు మీదుగా పంపిస్తుంది.

మర్నాడు దండాసి వచ్చాడు.
"బాగయిపోనాదా?"
అయిందన్నాను. మిగతాది చెప్పలేదు.
టీ తాగి, నా బాకీ చూపిస్తానని
తన బిల్లుల పేజీ తెరవమన్నాడు.
తెరుచుకోలేదు.
ఆ పేజీ అంకె అతని పెట్టెకి తప్ప
లోకంలో ఇంకెవరికీ తెలియదు.

గ్లాసు కింద పెట్టాడు.
"ఎవుల్నడిగినావేటి మేడమ్?"

గడులు తెరిచాను.
"రెండోదాన్లోనైనా నన్నెయ్యి" అన్నాడు.
రెండోవాణ్ణి, మొదటివాడు మూగబోతేనే అడుగుతారు.
లేదని చెప్పినా అది జవాబే.
ఈ మాట అతనికి నేను చెప్పలేదు,
అతనికి తెలియదని కాదు.

మొదటి గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
బాకీ ఎంతో నోటితోనే చెప్పాడు.
నాలుగు వందల డెబ్బై.