లైసెన్సుదారు

రాసుకోండి సార్.
పేరు చొల్లంగి సూరన్న. తండ్రి వెంకన్న, లేడు.
వృత్తి కల్లుగీత.
కాదాండీ? కాగితంలో వ్యాపారం అనుందా?
అయితే అదే ఉంచండి,
నాకంటే కాగితానికే ఎక్కువ తెలుసు.

మాది లంక. గన్నవరం అక్విడెక్టు దిగి రేవు దాటి రావాలి.
వరదొస్తే ఎవరూ రారు.
ఓట్లకొస్తారు. మొన్న మీరొచ్చారు.

గీసేవాళ్ళకి ఒక షాపు కేటాయించారని
అబ్బులు గారి గుమస్తా చెప్పాడు.
చెట్టెక్కేవాడు ఇక మెట్టెక్కుతాడన్నాడు.
ఏడుగురం దరఖాస్తు పెట్టాం.
ఏడుగురికీ డబ్బు కట్టింది ఆయనే,
ఆ పూట భోజనాలూ ఆయనవే, కోడికూర.

వేలిముద్ర మిషను నన్ను ఒప్పుకోలేదండి.
బొటనవేలు మోకుకి అరిగింది,
చూపుడువేలు కత్తికి.
ఒక్కొక్కటే పెట్టించి పెట్టించి
చివరికి ఎడంచేతి చిటికెన వేలికి
పచ్చలైటు వెలిగింది.
ఆ వేలితో నేనెప్పుడూ ఏ పనీ చేసి ఎరగను.

లాటరీ అమలాపురంలో, కల్యాణమంటపంలో.
ముందురోజు పెళ్లి తాలూకు పేర్లు
థర్మాకోలు మీద ఇంకా మెరుస్తున్నాయి.
స్టీలు బిందెలో బిళ్ళలేసి గిలకరించారు.
ఏ బిళ్ళ వచ్చినా బిందె ఒకరిదే,
మా ఏడుగురికీ తెలుసు.
అయినా మైకులో నా పేరు పలికినప్పుడు
ఆయ్, నిజం చెప్పాలి కదండీ,
లేచి నిలబడ్డాను.
చప్పట్లు కొట్టారు.
నా పెళ్లిలో కూడా అంతమంది నావంక చూడలేదు.
పక్కన గుబ్బల తాతీలు తల దించుకున్నాడు,
గెలవాల్సింది తానే అయినట్టు.
ఇప్పటికీ మాకు మాటల్లేవు.

పదివేలిచ్చారు. ఒక పంచె.
చెక్కుబుక్కు నిండా సంతకాలు పెట్టించుకున్నారు.
నా ఖాతాలోంచి పదకొండు కోట్లు వెళ్ళాయంటున్నారు మీరు.
వెళ్ళే ఉంటాయి.
గోదారి కూడా మా పక్కనుంచే వెళ్తుంది సార్,
వెళ్తూ వెళ్తూ ఏటా ఓ చెక్క కోసుకుపోతుంది.

ఒక్కసారే వెళ్ళాను నా షాపు చూడ్డానికి.
రాత్రి. కమ్మీల దగ్గర జనం.
బోర్డు కింద చిన్నక్షరాల్లో సూరన అనుంది,
ఒత్తు పెట్టలేదు.
క్వార్టరడిగాను.
సీసా మీద నూటముప్పై, కుర్రాడు నూటనలభై అన్నాడు.
పది దేనికన్నాను.
వెళ్ళి ఓనర్నడుక్కో అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మంగాయమ్మ
పొలమారేదాకా నవ్వింది.
తర్వాతెప్పుడూ దాని గురించి నవ్వలేదు.

ఆ పది ఎక్కడెక్కడికి ఎక్కుతుందో
నన్నడుగుతారేంటి.
మీ కాగితంలో పైవరస ఖాళీగా వదిలారు,
నాకు చదువు రాకపోయినా
ఖాళీ కనపడుతుంది.

రేవు దగ్గర కిళ్ళీబడ్డీలో కూడా నా సరుకేనట.
పొద్దున్నే నా తాడిచెట్టు కిందికి
పన్నెండు మంది వచ్చేవారు, ఇప్పుడు ముగ్గురు.
మిగతావాళ్ళు నా దగ్గర మానేసి
నా దగ్గరికే పోతున్నారు.
నాకు నేనే పోటీ.
వాళ్ళలో మా తమ్ముడొకడు.
మొన్న పుష్యమాసంలో పోయాడు. కాలేయమన్నారు.
వాడు తాగిన బిల్లులన్నీ
నా పేరు మీదే ఉండుంటాయి, చూసి చెప్పండి.

అబ్బులు గారికి గుండెల్లో నొప్పట,
హైదరాబాదు ఆస్పత్రిలో ఉన్నారట.
పాపం, మెట్లెక్కి ఉంటారు.

ఏ ముప్పైయ్యేడు అంటే నేనేనాండీ?
మా చెట్లకీ మీవాళ్ళొచ్చి
సున్నంతో నంబర్లేసేవారు.
నంబరేసిన చెట్టునే గీస్తారు సార్.

అయిపోయిందా? వేలెక్కడ పెట్టను?
అది కాదు. ఎడంచెయ్యి, చిటికెనది.

తొందరగా పంపించండి,
రాత్రి కట్టిన ముంత ఇంకా చెట్టు మీదే ఉంది.
పొద్దెక్కి పులిసిపోతే
ఆ ముగ్గురూ రారు.