జారుముడి

మా పడవకు తెరచాప అంటే
పోయిన ఎలచ్చన్ల ఫ్లెక్సీ.
పేరు చినిగిపోయింది, మొగమొక్కటే మిగిలింది.
పడమటి గాలి వెనకనుంచి తోస్తే
ఓడిన మనిషి రెండు బుగ్గలూ ఉబ్బించి
పోచంపాడు నీళ్ళమీద
మమ్ముల ఒడ్డుకు మోస్తడు.

గాలి సరిగ్గ వీపు మీదికొచ్చిందంటే మాత్రం
చాపకు బుద్ధి నిలువదు.
ఉబ్బుతది, కూలుతది, మళ్ళ ఉబ్బుతది,
జ్వరమొచ్చిన పిల్ల లెక్క పక్కలు మారుస్తది.
అందుకే గడ.
ఒకప్పుడు చింతకాయలు దులిపిన వెదురు,
ఏడు మూరలు, కొసకు పంగ.
ఆ పంగల చాప మూల తాడు దూర్చి
బయటికి నూకి పట్టాలె,
తడి చీర ఆరేస్తూ కొంగు గుంజి పట్టినట్టు.

"ముందుగాల కొస, అటెనుక మొదలు."
మా మేనత్త లసుమవ్వ నేర్పిన తొలి మాట.
"తాడు పంగల వడ్డంకనే
మొదలు గుంజకు కట్టు.
తారుమారు చేసినవో
గడ నిన్నే చింతచెట్టనుకుంటది."
నేను నవ్విన. ఆమె నవ్వలే.
ముత్తెన్న చిన్నాయినకు ముందు పండ్లు మూడు లేవు.
పెండ్లిల కొట్లాట అని ఊరంత చెప్పుకుంటడు గని
ఆ పెండ్లి ఎవరిదో ఇప్పటికీ చెప్పడు.

కొస నీళ్ళకు తాకనియ్యకు, అన్నది.
నీళ్ళు పట్టుకున్న గడను గాలి విడిపించదు, విరుస్తది.
గడ ముందర నిలవడకు.
పడవ మళ్ళాల్నంటే ముందు గడ దించు,
చాప జర సేపు ఏడ్వనీ,
ఏడిస్తే చాప సస్తదా?
దించాల్నా వద్దా అని మనసుల వడ్డదో
గప్పుడే దించు, ఇంకోసారి అడుగకు.
తాడు చేతికి సుట్టకు.
ముడి ఏస్తే జారుముడే,
ఒక్క గుంజుకు ఊడాలె.

అన్నీ విన్న.
తెల్లారితే మిరుగం.
మిరుగం నాడు చేప తినని ఇల్లుండదు,
నందిపేట అంగట్ల కిలోకు యాభై ఎక్కువ.
గంపలల్ల రవ్వులు, బొచ్చెలు ఇంకా కొట్టుకుంటున్నయి.
వెనక మబ్బు నల్లగైతున్నది.
దించాల్నా అని మనసుల వడ్డది.
ఒడ్డు కనవడుతున్నది గద అని ఊకున్న.
అరచెయ్యి మండుతుంటె
తాడును మణికట్టుకు రెండు సుట్లు సుట్టిన.

గాలి అరువది, చెప్పి రాదు.
గడ కొస ఒక్కపారి నీళ్ళల్ల దిగవడ్డది,
మొదలు గుంజకాడ ఫటుక్కుమన్నది,
తాడు నా చేతినే గాలమేసి గుంజింది.
మోకాళ్ళమీద అంచు దాక జారిన.
నీళ్ళు నల్లగ, కింద
మునిగిపోయిన ఊరి తాటి మొద్దులు.
నాకు అరుపు గూడ రాలే.

లసుమవ్వ అరువలే.
పొలుసు గీకే కత్తితోని తాడు కోసింది.
చాప, గడ, ఆ ఉబ్బిన బుగ్గలు
మూడూ తూర్పుకు ఎగిరిపోయినయి.
ఆమె తెడ్డు అందుకున్నది.
ఒడ్డు దాక ఒక్క మాట లేదు,
తిట్టినా బాగుండు.

అంగడికి పోయేసరికి రేటు దిగింది.
పక్క కుప్ప గాజుల సుగుణక్కది.
నా చెయ్యి వట్టి సూసి,
సుట్టూ ఎర్రగ తేలిన గీత మీద వేలు పెట్టి
"గీ గాజు ఏడ కొన్నవే పోరీ?" అన్నది.
తక్కెడ మీదికెల్లి కన్ను తియ్యకుంట
లసుమవ్వ అన్నది:
"పోచంపాడుల. సైజు సరిపోలే,
వాపస్ ఇచ్చినం."

వారం దినాలకు ఇంకో ఫ్లెక్సీ దొరికింది.
ఈసారి గెలిచినాయనది.
గాలికి తేడా తెలువలే.
కొత్త గడకు ముడి నేనేసిన.
లసుమవ్వ వచ్చి ఒక్క గుంజు గుంజింది.
ఊడింది.
"ఊఁ" అన్నది.