పొయ్యి మీద గీత

సముద్రం మా ఇంటికి రెండు వీధుల దూరం.
పెదవాల్తేరు గాలికి ఉప్పు ఎక్కువ.
ఏడాది తిరక్కుండా బర్నర్లు తుప్పుపట్టి
మంట ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు.
మూడో స్టవ్వూ పోయాక
వరాలు ఈ నల్ల గాజు పలకని తెచ్చింది.
మంట లేదు, మీట లేదు.
వేలు ఆనిస్తే చాలు
అడుగున ఎర్రటి చుట్టొకటి కళ్లు తెరుస్తుంది.

ముప్పై ఏళ్లు కురుపాం మార్కెట్ పక్క సందులో
గడియారాలు బాగుచేసినవాణ్ణి.
అద్దాల సంగతి నాకొదిలెయ్ అన్నాను.
వదిలేసింది.

మొదటి పాఠం ఇసుక చెప్పింది.
సాయంత్రం బీచి నుంచి
లుంగీ మడతలో కూర్చుని మేడెక్కి వచ్చి
పప్పు గిన్నె కింద దాక్కుంది, ఒకే ఒక్క రేణువు.
గిన్నెని ఎత్తకుండా జరిపాను.
కిర్రుమంది.
వెంట్రుకంత గీత.
చేతి గడియారమైతే అద్దం మార్చి ఇచ్చేవాణ్ణి.
దీని ధర అడిగితే
కొత్త పొయ్యి కొనుక్కోమన్నాడు షాపు కుర్రాడు.
గీత మీద పాల గిన్నె పెట్టేసి
ఏమీ ఎరగనట్టు పేపరు తిరగేశాను.

ఆనాటి నుంచి
గిన్నె ఎత్తుతాను, దించుతాను, జరపను,
గడియారంలో కెంపు రాయి కూర్చోబెట్టినట్టు.
దించే ముందు అడుగు తుడుస్తాను,
వరాలు చూడకపోతే పంచె చెంగుతో.

తర్వాత గిన్నెలకి పరీక్ష పెట్టాం.
పక్కింటి గుంటడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి
ఒక్కోదాన్నీ బోర్లించి అడుగుకి ఆనించాను.
స్కేలు కింద వెలుతురు తొంగిచూస్తే తప్పినట్టే.
సత్తు డేగిసాలు సగానికి సగం తప్పాయి.
మందపాటి అడుగు స్టీలు గిన్నెలు పాసు.
దోసె పెనం సమంగానే ఉంది గానీ
దాని వీపంతా గరుకు, వద్దన్నాను.
మూకుడు దోసిలిలా పుట్టింది,
దానికి చదునుగా కూర్చోవడం చేతకాదు.

వరాలు వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగదీ అదే కథ.
అడుగు చదును చేయించుకొస్తానని
కంచరి బంగారయ్య దగ్గరికి పట్టుకెళ్లింది. నేనూ వెళ్లాను.
ఆయన వేలి కణుపుతో కొట్టి
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, చాలాసేపు.
‘సుత్తేస్తే పళ్లెం అవుద్ది తల్లీ,
గుండిగ మరుండదు’ అన్నాడు.
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.
దారంతా ఒక్క మాట లేదు.

వాన పట్టిన మధ్యాహ్నం
పల్లీ అచ్చుకి కాస్తున్న బెల్లం పాకం పొంగింది.
పాకాన్ని చల్లారనిస్తే గాజుని కొరుక్కుని పోతుంది,
వేడి మీదే గీకెయ్యాలి.
మీట ఆపి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని
కంటికి నా పాత భూతద్దం బిగించి
బ్లేడుని ఏటవాలుగా పడుకోబెట్టి
పొర పొరా లేపాను.
‘ఏటా యేషం’ అని
వరాలు గోడ పట్టుకుని నవ్వింది.

మిగతా మరకలన్నిటికీ ఓపికే మందు.
ఎర్ర చుక్క ఆరేదాకా ముట్టకూడదు,
పైకి నల్లగా ఊరుకున్నట్టే ఉండి లోపల కాలుతుంటుంది.
ఆ లెక్క నాకు ఇంట్లో ముందునుంచీ అలవాటే.
ఆరాక కాస్త తినేసోడా, తడి గుడ్డ,
తెల్లటి నీటి మరకలుంటే నిమ్మచెక్క,
ఆఖరికి పొడి గుడ్డ, గుండ్రంగా, తొందరపడకుండా.
స్టీలు పీచు, బూడిద, కొబ్బరి పీచు,
మా అమ్మ చేతిలో మెరిసిన ఆయుధాలన్నీ
ఈ గాజు దగ్గర నేరస్తులే.

రాత్రి తుడవడం అయ్యాక
లంగరేసిన ఓడల దీపాలు కిటికీ దాటి వచ్చి
పొయ్యిలో తేలతాయి.
నిన్న వరాలు ఆ దీపాల మధ్య వేలు పెట్టింది,
సరిగ్గా గీత మీద.
‘పాల గిన్నె నేనెప్పుడూ వెనక పొయ్యి మీదే పెడతాను.
ఆవేళ ముందుకొచ్చి కూర్చుంది.
అప్పుడే అనుకున్నాను.’

నేను గుడ్డ మడతపెడుతూ ఉండిపోయాను.

ఆమె గుండిగ దించింది.
అందులో బ్లేడు, సోడా డబ్బా, గుడ్డ పీలికలు వేసి
గట్టు చివర పెట్టింది.
అది ఒరిగింది.
నా పాత పంచె ఒకటి చింపి
చుట్టకుదురు చుట్టి కింద పెట్టింది.
ఇప్పుడు కదలడం లేదు.