గుజరాతీ గల్లీల

అండమాన్ పోతున్ననంటే
రహ్మతుల్లా భాయ్ నా కెమెరా నోరు తెరిచి ఊదిండు.

"ఏసీ రూంలకెల్లి తీయంగనే నొక్కకు,
అద్దానికి చెమట పడ్తది, జెర ఆగు.
మిట్టమధ్యాహ్నం మొఖాలు తియ్యకు,
కండ్ల కింద గుంతలు పడ్తయి.
నీళ్ల గీత సక్కగుండాలె, లేకుంటే
సముద్రమంత ఓ దిక్కు ఒలికిపోతది.
ఇసుకల లెన్సు మార్చినవో,
మల్ల నా దగ్గరికే వస్తవు."

"నువ్వెన్నిసార్లు పోయినవు భాయ్?"

"హుస్సేన్‌సాగర్ కట్టమీదికే తీరిక దొరకలే."

బల్ల కిందికెల్లి ఫిల్ము డబ్బా తీసిండు.
ముప్పై ఏండ్ల సంది
మంది కెమెరాలల్ల రాలిన ఇసుక:
గోవాది, మాల్దీవులది, పేరు తెల్వనిది.
చెవికాడ పెట్టుకొని ఊపిండు.
కోఠీ బస్సుల హారన్లల్ల నాకేం ఇనబడలే.
ఆయనకు ఇనబడ్డట్టే ఉంది.

పైసలిచ్చి మెట్లు దిగుతుంటే
వెనకనుంచి, మెల్లగ:
"ఒక్కపాలి మార్చు…
ఇసుకల్నే."