రూపాయి బిళ్ళంత

మూడోసారి తెచ్చాడు నూకరాజు
తన లాండ్‌మాస్టర్ని, కురుపాం మార్కెట్ సందులోకి
వెనక్కి వెనక్కి నడుపుతూ,
ఉల్లిపాయల బండిని పక్కకి జరపమని అరుస్తూ.

"ఏటి బావూ ఇది?
నీ బల్ల మీద పాడతాది,
నా కార్లో మూగదైపోతాది.
నానంటే దీనికేటి కోపం?"

మొదటిసారి ఫ్యూజనుకున్నాను. ఫ్యూజు బాగుంది.
వాల్వుల్ని ఒక్కొక్కటీ పెన్సిలు కొసతో తట్టి చూశాను,
ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాను.
ముల్లుని లాగే దారం తెగి ఉంటే
హార్బరు దగ్గర కొన్న గాలం దారం కట్టి
ఇక ఏ స్టేషనూ తప్పించుకోదన్నాను.
పాడింది.
బీచిరోడ్డులో మొదటి గతుకు దాకా పాడిందట.

రెండోసారి ఉప్పుని అనుమానించాను.
ఈ ఊళ్ళో ఏది పాడైనా ముందు సముద్రాన్నే తిడతాం.
కిటికీ ఊచలు, సైకిలు చైన్లు, మా ఆవిడ కుట్టుమిషను
అన్నిటి మీదా దాని వేలిముద్రలే.
పిన్నులన్నీ స్పిరిటుతో తోమాను.
పాడింది, బల్ల మీద.
కాన్వెంట్ జంక్షన్లో చచ్చింది.

ఆ రాత్రి నిద్ర లేదు.
జ్ఞానాపురంలో నాకు పని నేర్పిన డేనియల్ మేస్త్రి
తిట్టులాగా ఒక మాటనేవాడు:
"పెట్టెలో రోగం లేకపోతే
పెట్టెని మోసేదాంట్లో చూడరా, ఎదవా."

అందుకని ఈసారి రేడియో విప్పలేదు.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను.
చుట్టపొగ, ఇంజనాయిలు, ఎప్పటివో వాడిన మల్లెలు.
పైన అంతా ఒకటే బూడిదరంగు, నున్నగా.

"ఏం రంగిది?"
"ఓడలకేసేది బావూ! షిప్‌యార్డులో మా బామ్మర్ది ఇప్పించినాడు.
తుప్పన్నది రాదు.
సందుసందులోకీ కొట్టించినాను, మూడు పూతలు."

రేడియోకి కనిపించే తీగ ఒకటే.
రెండోది కారు ఒళ్ళు.
ఇనుముని ఇనుము తాకితేనే
వచ్చిన కరెంటు తిరిగి ఇంటికెళ్ళేది.
ఆ తాకే చోట మూడు పూతల ప్రేమ.
ఇన్నాళ్ళూ అది ఏంటెనా అల్లిక మీదుగా
దొంగదారిన నడిచింది,
గతుకొచ్చినప్పుడల్లా కాలు జారింది.

ఉప్పుకాగితం తీశాను.
చూడండి, దాని పేరులోనూ ఉప్పే.

"గీకుతావేటి?"
"రూపాయి బిళ్ళంత."
"అంతేనా?"
"అంతే."
అటు తిరిగి నిలబడ్డాడు,
పిల్లకి చెవులు కుడుతుంటే తండ్రి నిలబడ్డట్టు.

బోల్టు బిగించి మీట తిప్పాను.
అర నిమిషం ఏమీ లేదు. వాల్వులు వేడెక్కాలి.
తర్వాత వైబ్రేటరు జుమ్మంది,
డయలు వెనక పసుపు వెలుగు.
ముందు ఒరియాలో ఎవరో ఏవో ధరలు చదివారు,
ముల్లు వెంట్రుకవాసి జరిపితే
మన మాట:
వేటకెళ్ళేవాళ్ళు రేపు సాయంత్రం దాకా ఆగమని.
ఉల్లిపాయలాయన తక్కెడ పట్టుకునే విన్నాడు.

సందు చివర కాలవ మూత మీద కారు ఎగిరింది.
చెవి అటే పెట్టి నిలబడ్డాను.
గొంతు తెగలేదు.
బ్రేకు పడింది. కిటికీలోంచి నూకరాజు తల:

"బావూ, ఆ రూపాయంత మేర తుప్పడతాది కదేటి?"

"పడతాది.
వానలయ్యాక రా,
మళ్ళీ గీకుదాం."