తకు గుడిస్తే తి

కాశీనగర్‌లో జీడిపిక్కల బట్టీ వెనక గది.
పాత కంప్యూటరు, దాని నెత్తిన మసి,
ఫ్యాను వేస్తే పొట్టు లేస్తుంది.
చిట్టా పుస్తకాన్ని చెదలు పూర్తిగా తినకముందే
అందులోని ముప్పై ఒక్కమంది ఆడాళ్ళనీ
కంప్యూటర్లోకి దింపమన్నారు పాత్రో గారు.
సి నాకు పర్లాకిమిడి పాలిటెక్నిక్‌లో
రెండుసార్లు తప్పిన పేపరు.
ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పేర్లు ఒక ఫైల్లో, కిలోలు ఇంకో ఫైల్లో.
ఫైలు తెరవాలి, వరసకొకరిని పిలవాలి,
అరేలో ఒక్కో గదిలో కూర్చోబెట్టాలి.
"నన్ను సున్నాలో కూకోబెట్టీసినావేటి?"
అని అసిరి అలిగింది.
లెక్క అక్కణ్ణించే మొదలని
ఎంత చెప్పినా నమ్మలేదు.

మొదటిరోజు అచ్చు తీస్తే
పైడమ్మ
పైడమ్మ
పైడమ్మ
ముప్పై ఒక్కసార్లూ పైడమ్మే.
టీ వేళ కిటికీ దగ్గర మూగినవాళ్ళకి చదివి వినిపించాను.
"అయితే కూలంతా నాకే ఇచ్చీ బావూ" అంది పైడమ్మ,
బూడిద చేతులు కొంగుకి తుడుచుకుంటూ.
ఎర్రటి పెనం మీద పిక్కలు చిట్లినట్టు నవ్వారందరూ.

నేను చేసిన పని రాత్రికి గాని తెలియలేదు.
ఒక్కటే పీట వేశాను.
అసిరి కూర్చుని లేచింది,
రాహేలు కూర్చుని లేచింది.
గది గదిలోనూ నేను దాచుకున్నది మనిషిని కాదు,
పీట ఎక్కడుందో ఆ జాడని.
చివరికి దాని మీద మిగిలిన మనిషి పైడమ్మ.

మర్నాడు ఎవరి పీట వాళ్ళకి వేశాను.
పీటకి ఇరవై బైట్లు.
పాఠంలో జాన్‌కీ మేరీకీ అవి బోలెడు.

ఈసారి సుకాంతి లేదు.
ఆ చోట సుకాంత ఉన్నాడు,
తోక దగ్గర ప్రశ్నార్థకం ఉన్న నల్లటి పెంకుతో.
చిన్నప్పుడు పలకా బలపం పట్టుకుని
తకు గుడిస్తే తి అని ఊగుతూ వల్లించినవాణ్ణి,
గుడి బరువెంతో ఎన్నడూ తూచలేదు.
అక్షరానికి మూడు, గుడికి మూడు, సున్నకీ మూడు.
సుకాంతి మొత్తం ఇరవై ఒకటి.
వరస చివర, ఏమీ లేదని చెప్పడానికి
ఆ ఏమీ లేనిదానికీ ఒక చోటు వదలాలి.
వంశధారలో హద్దు ఎక్కడో చేపకి తెలీనట్టే
అక్షరం ఎక్కడ అయిపోతుందో దీనికి తెలీదు.
గుడిలో ఒక ముక్క ఇటు ఉండిపోయింది,
రెండు ముక్కలు పక్క గదిలోకి పోయి
మనిషిలా కూర్చున్నాయి.

ఆ పేరులేని మనిషి ఖాతాలో
కోటమ్మ కొట్టిన తొమ్మిదిన్నర కిలోలు పడ్డాయి.
కోటమ్మకి ఆ తరవాతామెవి.
అలా ఒక్కొక్కరూ ఒక్కో గది జరిగి జరిగి
ముప్పై ఒకటి దగ్గర లెక్క ఆగింది.
మొన్న అందరూ తనే అయిన పైడమ్మకి
ఇవాళ గది లేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.
"తూకం రాయికి తల తిరిగిందా" అని మాత్రం అంది రాహేలు.

సుకాంతిది పద్మపూర్. ఒడియా తప్ప చదవలేదు.
"మా అక్షరాల్లో రాస్తే పట్టునా?"
"వాటికీ మూడే. నీ పేరు ఇంకా ముందే తెగును."
కాసేపు తెర వంక చూసి
"నదికి అటూ ఇటూ ఒకటే రేటన్నమాట" అంది.

పీటకి అరవై నాలుగు చేశాను.
ముప్పై ఒక్క పేర్లు, ముప్పై ఒక్క తూకాలు.
వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను,
కంప్యూటరు ముందే కూర్చుని.

శనివారం చెల్లింపు.
కాగితం తీసుకుని సుకాంతి కిలోలు అడగలేదు.
"నాది ఊడిపోయిందన్నావే, అదేది?"
చూపించాను.
జీడి నూనె తినేసి గీతలు చెరిగిన వేలు,
ఆధార్ మిషను ఎరగనంటున్న వేలు,
గుడి మీద పెట్టి కాస్త నొక్కింది.
మచ్చ పడింది.

ఫైలు మూసే వరస రాయడం మరిచానని
ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది.